టైలరమ్మ ఈత బట్టలు

నలభై ఏళ్లుగా ఆ వీధిలో అందరూ ఆమెను టైలరమ్మ అనే పిలుస్తున్నారు. ముందుగదిలో కిటికీ పక్కన కుట్టుమెషిను, దాని వెనక ఆమె. పొద్దున టీ తాగి కూర్చుంటే మళ్లీ భోజనానికే లేచేది. ఎవరి నడుము కొలత ఎంతో, ఎవరికి ఏ భుజం జారి ఉంటుందో ఆమెకు నోటికి వచ్చు. తన భుజం సంగతి మాత్రం అరవై నాలుగో ఏట గాని తెలియలేదు. ఒక రోజు జడ వేసుకోబోతే కుడిచెయ్యి చెవి దాకా కూడా లేవలేదు.

"పక్కమీద వంకరగా పడుకుని ఉంటావు, అదే పోతుందిలే," అన్నాడు భర్త. నెల గడిచినా పోలేదు. పై అంతస్తులో ఉండే తోడికోడలు రోజూ దిగివచ్చి జడ వేసి వెళ్లేది. ఆవిడ రెండేళ్లు పెద్దది, మాటకారి.

"మనిద్దరం జుట్లు పట్టుకుంటామని పెళ్లైన కొత్తలో అందరూ ఎదురుచూశారు. ఇన్నాళ్లకి నిజమైంది చూడవే," అనేది.

చివరికి ఆవిడే డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. డాక్టరు చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, భుజం బిగుసుకుపోయిందన్నాడు. కొన్ని వ్యాయామాలు చూపించి, వీలైతే ఈత కొలనుకు కూడా వెళ్లమన్నాడు.

"నాకు ఈత రాదండీ."

"రాకపోయినా పర్లేదమ్మా. గుండెల దాకా నీళ్లలో నిలబడి చేతులు ఆడించండి. బరువు నీళ్లే మోస్తాయి."

దారంతా టైలరమ్మ గొణుగుతూనే ఉంది. "ఈ వయసులో నలుగురిలో ఆ బట్టలేసుకుని... తల ఎక్కడ పెట్టుకోనక్కా?"

"నీళ్లలో పెట్టుకో. అందుకేగా వెళ్లేది."

కొట్లో అమ్మే ఈత బట్టలు ఆమెకు నచ్చలేదు. కుట్లు లాగి చూసి "దీన్ని కుట్టడం అంటారా!" అని పెదవి విరిచింది. ముదురు నీలం సాగే బట్ట కొనుక్కొచ్చి, లాగినా తెగకుండా వంకరటింకర కుట్టు వేసి, మోచేతుల దాకా చేతులు పెట్టింది. మర్యాదగా ఉంటుందని నడుము చుట్టూ మోకాళ్ల దాకా వదులుగా కుచ్చులు కూడా పెట్టింది. అద్దంలో చూసుకుని తృప్తిపడింది.

మర్నాడు పొద్దున ఆడవాళ్ల వేళకు ఇద్దరూ కొలనుకు వెళ్లారు. తోడికోడలు తువ్వాళ్లకు కాపలాగా బల్లమీద కూర్చుంది. టైలరమ్మ కమ్మీ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగింది. నీళ్లు నడుము దాటగానే కుచ్చులన్నీ గొడుగు విప్పినట్టు పైకి లేచాయి. ఇటు నొక్కితే అటు లేచేవి, అటు నొక్కితే ఇటు. కొలనులో ఉన్న వాళ్లు నవ్వు ఆపుకోలేకపోయారు. ఈత నేర్పే అమ్మాయి మొహం పక్కకు తిప్పుకుంది. బల్లమీద తోడికోడలైతే కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది.

టైలరమ్మ ఐదు నిమిషాలకే బయటికొచ్చేసింది. ఇంటికొచ్చి, ఇంక చచ్చినా వెళ్లనంది. కానీ తడిసిన బట్టను తీగమీద ఆరేస్తుంటే సిగ్గుకంటే ఇంకేదో ఎక్కువగా మండింది. అంతమంది ముందు నవ్వులపాలైంది తను ఒక్కతే కాదు, తన కుట్టు కూడా. బట్ట ఆరగానే కుచ్చులు విప్పేసి, ఆ స్థానంలో మోకాలి దాకా బిగుతుగా కాళ్లు పెట్టి కుట్టింది.

"ఎక్కడికే?" అంది తోడికోడలు మర్నాడు పొద్దున.

"ఎక్కడికేంటి? కొలనుకి. కుట్టు సరిచేశాను, వాళ్లు చూడొద్దూ?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. మొదటి వారం నీళ్లలో అటూ ఇటూ నడిచింది. తర్వాత ఈత నేర్పే అమ్మాయి ఎదురుగా నిలబడి లెక్కపెడుతుంటే చేతులు ముందుకూ పక్కలకూ ఆడించింది. నొప్పి ఉండేది, అయినా బయట లేవని చెయ్యి నీళ్లలో దానంతటదే తేలివచ్చేది. రెండో నెలలో ఆ అమ్మాయి వీపు కింద చెయ్యి ఆనించి వెల్లకిలా పడుకోబెట్టింది.

"వదలకమ్మా!"

"ఎప్పుడో వదిలేశాను ఆంటీ."

చెవుల్లో నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. నలభై ఏళ్లు మెషినుమీదికి వంగిన వీపు నీళ్లమీద చాపలా పరుచుకుంది. టైలరమ్మకు ఎందుకో చిన్నపిల్లలా నవ్వొచ్చింది.

ఆ రోజు మధ్యాహ్నమే మిగిలిన నీలం బట్ట తీసి ఇంకొకటి మొదలుపెట్టింది. టేపు పట్టే పనిలేదు, ఆ కొలతలు కంటికి తెలిసినవే. మర్నాడు కొలను దగ్గర దాన్ని తోడికోడలి ఒళ్లో పడేసింది.

"నాకెందుకే ఇది?"

"మెట్లెక్కుతుంటే నీ మోకాళ్ల చప్పుడు కింద నాకు వినిపిస్తోందక్కా. కాపలా చాలుగానీ దిగు."

తోడికోడలు అరగంట సేపు వంకలు వెతికింది. బట్ట బిగుతంది, నీళ్లు చల్లనంది. చివరికి దిగాక మాత్రం, వేళైపోయిందని ఈత నేర్పే అమ్మాయి రెండుసార్లు పిలిచినా బయటికి రాలేదు.

ఏడాది తిరిగేసరికి టైలరమ్మ చెయ్యి పూర్తిగా నిటారుగా లేవకపోయినా, ఇంక బెత్తెడు లేస్తే చాలన్నంత దాకా వచ్చింది. "పూర్తిగా రాకపోయినా బాధలేదు, మానకండి," అన్నాడు డాక్టరు. మానే ఆలోచన ఆమెకు ఎప్పుడో పోయింది. ఇప్పుడు మెషిను ముందు కూడా గంటసేపు ఒక్కచోట కూర్చోలేకపోతోంది. లేచి వీధి చివరిదాకా నడిచొచ్చి మళ్లీ కూర్చుంటోంది.

ఈ ఏడాదిలో ఈత కూడా నేర్చుకున్నారేమో, మొన్న ఇద్దరూ కొలను అడ్డంగా ఈది అవతలి గట్టు పట్టుకున్నారు. టైలరమ్మ ముందు చేరింది. తోడికోడలు ఒప్పుకోలేదు. బయటికొచ్చేసరికి సన్నగా వాన పడుతోంది.

"గొడుగు తేలేదే," అంది తోడికోడలు.

"ఈ తడిసిన తలలకి గొడుగెందుకక్కా, పద."

ఎవరు ముందు గట్టు పట్టుకున్నారో వాదించుకుంటూ, ఆకలితో నకనకలాడుతూ ఇద్దరూ ఆ వానలోనే ఇంటికి నడిచారు.