టికెట్టడిగిన చెయ్యి

పొద్దుట ఆరింటికి చీటీ కోసం లైనులో నిలబడితే, పదకొండున్నరకి డాక్టరమ్మ రెండు నిమిషాలు చూసింది. "మూత్రం ఆపుకుంటోంది. జబ్బు కిడ్నీల దాకా పాకింది. నీళ్ళెందుకు తాగదు?" అని హిందీలో అడిగి, జవాబు వినకుండానే మందులు రాసేసింది.

వరండా బల్ల మీద వినీల పొత్తికడుపు పట్టుకుని వంగిపోయింది. ఇరవై రెండేళ్ళ పిల్ల. పక్కన మేనమామ కోటిలింగం, గోల్‌బజార్లో గాజుల కొట్టు మూసుకుని వచ్చాడు. కొట్టు మూయగలడు గాని, నోరు మూయడం ఆయన వల్ల కాదు.

"డాక్టరమ్మకి నీ మీద కోపం కాదే. కలంలో ఇంకు అయిపోతాదని తొందర."

వినీల నవ్వలేదు.

"పోనీ, నువ్వు సెప్పు. నీళ్ళెందుకు తాగవే?"

"అక్కడ బాత్రూంకి గడియెయ్యనిచ్చీవోరు కాదు, అడక్కుండా ఎల్తే కొట్టీవోరు మావా. తాగకపోతే అడగక్కర్లేదు కదా."

అక్కడంటే, బట్టల కంపెనీలో పనని తీసుకుపోయి అమ్మేసిన చోటు. పద్నాలుగు నెలలు. పోలీసులు విడిపించి ఇల్లు చేర్చి ఇంకా నెల కాలేదు.

కోటిలింగం తన చెయ్యి వంక చూసుకున్నాడు. పెరట్లో బాత్రూం తలుపుకి చెయ్యి అడ్డం పెట్టి "టికెట్టేదే?" అనడం ఆయన పాత వేళాకోళం. చిన్నప్పుడైతే వినీల ఆ చెయ్యి కొరికి లోపలికి దూరేది. మొన్న ఆదివారం, పిల్ల నవ్వుతుందని మళ్ళీ పెట్టాడు. కొరకలేదు. తల వంచుకుని నిలబడింది. "సిగ్నలింకా పడలేదు!" అని ఆయనే నవ్వుకున్నాడు. ఆమె చప్పుడు చెయ్యకుండా గదిలోకి తిరిగి వెళ్ళిపోయింది.

"మావా, ఎల్లొచ్చా?"

వరండా చివర బాత్రూం. "ఎల్లమ్మా" అనబోయి ఆగాడు. అదీ టికెట్టే.

"నన్నడక్కే తల్లీ. నానెవడ్ని?"

వినీల బాత్రూం వైపోసారి, ఆయన వైపోసారి చూసింది. తర్వాత గోడ పట్టుకుని లేచి వెళ్ళింది. గుమ్మంలో నేల తుడుస్తున్న ఆయా కర్ర అడ్డం పెట్టింది.

"ఎఖోన్ నా, పొరే!" ఇప్పుడు కాదు, తర్వాత అంది బెంగాలీలో.

వినీల నిలబడిపోయింది, మొన్నటిలాగే తల వంచుకుని. కోటిలింగం సగం లేచి, బల్ల అంచు గట్టిగా పట్టుకుని కూర్చుండిపోయాడు.

"నా, దీదీ." వినీల తలెత్తింది. "ఎఖోనీ జాబో." లేదక్కా, ఇప్పుడే వెళ్తాను.

కర్రని పక్కకి నెట్టి లోపలికి వెళ్ళింది. తలుపు పడింది. గడియ వేసిన చప్పుడు మాత్రం రాలేదు.

కోటిలింగం ముఖం గోడవైపు తిప్పుకుని, సంచిలోంచి నీళ్ళ సీసా తీసి, మూత వదులు చేసి, ఆమె కూర్చున్న చోట పెట్టాడు.