పై అంతస్తు పాఠం

మా అపార్ట్‌మెంటు సెల్లార్‌లో కార్లు ఉండాల్సిన చోట ఇసుక ఉంది, ఇసుకలో మా కాలేజీ బెంచీలు ఉన్నాయి, చివరి బెంచీ మీద జిలానీ మాస్టారు చేతులు కట్టుకుని కూర్చుని నా క్లాసు వింటున్నారు. ఆయన పోయి ఏడాది దాటింది. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు, కానీ పోయినవాళ్లని ఆరోగ్యం ఎలా ఉందని అడగడం మర్యాదో కాదో తేల్చుకోలేక నేను పాఠం చెప్పుకుంటూ పోతున్నాను.

డిగ్రీ కాలేజీలో 'ప్రపంచ మతాలు' పేపరు మేమిద్దరం పంచుకునేవాళ్లం. ఇస్లాం ఆయనది, మిగతా మతాలన్నీ నావి. ఆయన పోయాక ఇస్లాం కూడా నాకే వచ్చింది, జీతం మాత్రం పెరగలేదు. ఇంటి దగ్గర కూడా మాది ఇలాంటి పంపకమే. మూడో అంతస్తు మాది, సరిగ్గా దాని కింద ఫ్లాటు వాళ్లది, మా బాత్రూం నీళ్లు ఇద్దరివీ.

"ఇస్లాంకి మూలస్తంభాలు ఐదు," అంటున్నాను, సెల్లార్‌లో స్తంభాలకి కొదవ లేదు కాబట్టి అల్లాహ్ ఒక్కడే దేవుడు, ముహమ్మద్ ఆయన ప్రవక్త అన్న సాక్ష్యం ఒకదాని మీద, నమాజు ఇంకొకదాని మీద, ఆ పక్కన జకాతు దానం, ఆపైన రంజాను ఉపవాసం, చివర హజ్ యాత్ర రాస్తున్నాను, రాసిన ప్రతిచోటా సుద్ద తడిసి ముద్దవుతోంది, అక్షరాలు కిందికి జారి ఇసుకలో కలుస్తున్నాయి, పిల్లలు మాత్రం ఇసుకని చూసి రాసుకుంటున్నారు. "హిజ్రీ శకం ప్రవక్త పుట్టిన ఏడాదితో మొదలవుతుంది," అంటున్నాను.

చివరి బెంచీలో చెయ్యి లేస్తుంది.

"పానకాలూ, కూర్చో."

"క్లాసులో ఉన్నాను మాస్టారూ."

"అందుకే కూర్చోమంటున్నా."

కూర్చుంటాను. పిల్లలు అప్పటికే మాయమై ఉంటారు, నా క్లాసులో మెలకువగా ఉన్నప్పుడు కూడా అంతే. మాస్టారు నొసలు రుద్దుకుంటూ, తెలియకపోతే అడగొచ్చు కదయ్యా, మెట్లు దిగితే మా ఇల్లేగా అంటున్నారు. ఆ లెక్క పుట్టుక నుంచి కాదట. హిరా గుహలో ప్రవక్తకి తొలి దైవవాక్యం దిగిన నాటి నుంచీ కాదట, మక్కా చేతికొచ్చిన నాటి నుంచీ కాదట. తరవాతెప్పుడో పెద్దలు కూర్చుని, ఏ ఏడాది నుంచి లెక్కపెడదామని ఆలోచించి, ఉన్న ఊళ్లో నిలవనివ్వకపోతే ప్రవక్తా, ఆయన వెంటవాళ్లూ అన్నీ వదులుకుని మదీనాకి వలస వచ్చిన ఏడాదిని పట్టుకున్నారట.

"కొందరు ఇల్లు వదిలారు, కొందరు ఇంట్లోకి రమ్మన్నారు. మా లెక్క అక్కడ మొదలు," అంటున్నారు.

అది ఒక మార్కు ప్రశ్న మాస్టారూ, పైగా ఛాయిస్‌లో పోతుంది అంటాను. ఆయన నన్ను చూసే చూపు నాకు బాగా అలవాటు. బతికి ఉండగా స్టాఫ్ రూంలో నేను ఆయన టీలో బిస్కెట్టు ముంచుకున్నప్పుడల్లా అలాగే చూసేవారు.

"నేను పాఠం ఎక్కడ ఆపానో అదన్నా గుర్తుందా?"

గుర్తుంది. మదీనా వచ్చారు, ప్రతి ఒక్కరూ మా ఇంట్లో దిగండంటే మా ఇంట్లో దిగండని పట్టుబడుతున్నారు, ఎవరినీ నొప్పించడం ఇష్టంలేక ప్రవక్త తన ఒంటెని వదిలేసి, అది ఎక్కడ కూర్చుంటే అక్కడ దిగుతానన్నారు. అక్కడికి బెల్లు కొట్టింది. మర్నాడు ఆయన కాలేజీకి రాలేదు, ఇంక రాలేదు. పిల్లలు నన్ను తరవాతేమైందని అడిగితే, అది సిలబస్‌లో లేదన్నాను.

ఇంతలో ర్యాంపు మీంచి ఒక ఒంటె తాపీగా దిగివచ్చి, పార్కింగు స్టిక్కరు లేకుండా, సరిగ్గా నా కారు స్థలంలో కూర్చుంటుంది. అపార్ట్‌మెంటు వాట్సప్ గ్రూపులో దాని ఫొటో అప్పుడే వచ్చేసింది. కింద ఎవరో దండం పెట్టారు, ఎవరో 'మెయింటెనెన్స్ కట్టిందా?' అని అడిగారు.

"ఇది ఆ ఒంటేనా మాస్టారూ?"

"నీ సెల్లార్‌కి ఆ ఒంటె ఎందుకొస్తుందయ్యా? ఇది ఊరికే ఒంటె. పద."

మెట్లెక్కుతున్నాం, మెట్లు కాసేపు కాలేజీవి, కాసేపు బ్రాడీపేట ఓవర్‌బ్రిడ్జివి, ఎంత ఎక్కినా రెండో అంతస్తే వస్తోంది, చివరికి విసిగి అక్కడే లోపలికి వెళ్తాం. వాళ్ల పడగ్గది. గది సగం అట్టపెట్టెలే. పైకి చూడొద్దనుకుంటాను, చూస్తాను. సీలింగు మీద చెమ్మ మచ్చ ఉపఖండం అంత పెరిగి ఉంది, శ్రీలంక కూడా విడిగా ఏర్పడింది.

మచ్చ మా బాత్రూందే. ఈ ముక్క నేను బయట ఎవరితోనూ అనలేదు. మొదట బిల్డరు తప్పన్నాను. తరవాత వాననీళ్లన్నాను, అప్పుడు మే నెల. ఆపైన పైపులన్నీ అసోసియేషన్‌వని బైలాస్ చదివి వినిపించాను. అసలు సంగతి ఏమిటంటే, లీకు ఆగాలంటే మా బాత్రూం టైల్సు పగలగొట్టాలి. ఆ టైల్సు కోసం మా ఆవిడ సుభాషిణి గుంటూరులో చూడని షాపు లేదు. చుట్టాలొస్తే కాఫీ కంటే ముందు బాత్రూం చూపిస్తాం. ఒకాయన చెప్పులు విప్పి, కళ్లకద్దుకున్నంత పని చేశాడు.

మాస్టారు ఏనాడూ గొంతు పెంచలేదు. రంజాన్‌కి షీర్ ఖుర్మా గిన్నె పట్టుకుని స్వయంగా పైకి వచ్చి, వీలు చూసుకుని ఆ బాత్రూం సంగతి చూడు పానకాలూ అనేవారు. తప్పకుండా మాస్టారూ అని ఖుర్మా తినేవాణ్ణి. గిన్నె ఖాళీగా పంపడం మా ఇంట్లో ఆచారం కాదు కాబట్టి పులిహోర పెట్టి పంపేవాళ్లం. ఆ విషయంలో మమ్మల్ని వేలెత్తి చూపడానికి లేదు.

ఇప్పుడు ఆయన భార్య మహమూదా వదినగారికి ఆయాసం పట్టుకుంది. ఈ చెమ్మలో ఉంటే లాభం లేదని డాక్టరు చెప్పాడు. మంగళవారం చీరాలలో చెల్లెలి ఇంటికి వెళ్లిపోతోంది, ఫ్లాటు బేరానికి పెట్టింది.

"మహమూదా ఇల్లు వదిలిపోతోంది," అంటున్నారు మాస్టారు, ఒక పెట్టె మీద కూర్చుని.

"తెలుసు మాస్టారూ. సామాను దించడానికి లిఫ్టు వాడుకోవచ్చని అసోసియేషన్‌ని ఒప్పించింది నేనే."

పైనుంచి ఒక చుక్క ఆయన భుజం మీద పడుతుంది, తుడుచుకోరు, ఇంకో చుక్క పడుతుంది. క్లాసులో గొంతు సవరించుకున్నట్టు సవరించుకుని, నన్ను కాకుండా పెట్టెల్ని చూస్తూ, ఆగిన పాఠం అందుకుంటారు.

ఒంటె కూర్చున్న చోటికి దగ్గరలో అబూ అయ్యూబ్ గారి ఇల్లు. రెండు అంతస్తులు. వచ్చిపోయేవాళ్లకి వీలుగా ఉంటుందని ప్రవక్త కింద దిగారు, మొగుడూ పెళ్లామూ పైన. ఆయన తలమీద మనం నడవడమేమిటని వాళ్లిద్దరూ గది మధ్యకి రాకుండా గోడవారగా ఒదిగి తిరిగేవారు. ఒకరోజు నీళ్లకుండ పగిలింది. కిందికి కారతాయేమోనని కంగారుపడి, కప్పుకునే దుప్పటి తెచ్చి ఇద్దరూ నేలమీద అద్దారు.

"వాళ్లకున్నది ఆ ఒక్క దుప్పటే," అంటున్నారు. "బిల్డర్ని అడగలేదు. బైలాస్ చదవలేదు."

నాకు ఉక్రోషం వస్తుంది. కలలో కూడా నన్నే అంటే ఎలా? "కింద ఉన్నది ప్రవక్త మాస్టారూ. అలాంటివారు కింద ఉంటే ఎవరైనా తుడుస్తారు."

"సరే. నీ కింద ఎవరుంటే తుడుస్తావో చెప్పు. ఈ ఇల్లు వాళ్లకే అమ్మమంటా మహమూదాని."

నోరు తెరుస్తాను. కలెక్టరు అనబోతాను, బాగుండదనిపిస్తుంది. గోడలు మెత్తబడి వెనక్కి జరుగుతున్నాయి, పెట్టెలు ఇసుకలోకి దిగబడుతున్నాయి, మాస్టారు లేచి చొక్కా దులుపుకుంటున్నారు.

"కోపమొచ్చిందా మాస్టారూ?"

"కోపం కాదయ్యా, విసుగు. ఇక్కడ మాట్లాడుకోడానికి ఎంతెంత గొప్పవాళ్లున్నారో తెలుసా? వాళ్లందరినీ వదిలేసి నీ బాత్రూం గురించి రావలసి వచ్చింది."

ఆయన అంటూనే ఉన్నారు, మాట మీద నీళ్ల చప్పుడు పడుతోంది, చప్పుడు పెద్దదవుతోంది, కళ్లు తెరిచాను.

ఆదివారం మధ్యాహ్నం. ఏసీ పద్దెనిమిదిలో పెట్టుకుని, చలికి రగ్గు కప్పుకుని పడుకున్నాను. బాత్రూంలో సుభాషిణి కుళాయి కింద పెట్టి మరిచిపోయిన బకెట్టు నిండి పొర్లుతోంది. ఎలా లేచానో తెలియదు, రగ్గుతో సహా వెళ్లి మోకాళ్ల మీద కూలబడి నీళ్ల మీద అదిమాను. రగ్గు ఆన్‌లైన్ ఆఫర్‌లో కొన్నది. ఒక్క చుక్క పీల్చలేదు. నీళ్లు దాని మీంచి జారి, రోజూ వెళ్లే మూలకే, రోజూ వెళ్లే సందులోకే వెళ్లిపోయాయి.

కుళాయి కట్టేశాను. రగ్గు అక్కడే వదిలి, వంటింటి అటక మీంచి సుత్తి దించాను.

మొదటి దెబ్బకి టైలు పగల్లేదు, మంచి సరుకు. రెండో దెబ్బకి మధ్యకి చీలింది. సుభాషిణి గుమ్మంలోకొచ్చి, నా మొహం చూసి, ఏమీ అనకుండా మంచం మీద కూర్చుంది. అది తుఫాను ముందు సంగతి, దాన్ని తరవాత చూసుకోవచ్చు.

కింద అట్టపెట్టెలకి టేపు లాగుతున్న చప్పుడు ఆగింది. వెంటిలేటర్ లోంచి గొంతు వచ్చింది.

"పానకాలు గారూ, ఏంటండీ అది?"

"టైల్సు వదినగారూ. మీరు ఆ పెట్టెలు కట్టడం ఆపండి. రేపు మేస్త్రీ వస్తాడు."

దగ్గు వినపడింది. తరవాత, పిల్లల్ని కసురుకున్నట్టుగా అంది.

"కళ్లజోడు పెట్టుకుని కొట్టండి. పెంకులు కళ్లలో పడతాయి."