నన్నెవరూ లెక్కచేయని రోజులు

నేను ఒక రేకు బోర్డుని. చీరాల రైల్వేస్టేషను బయట, పేరాల వైపు తిరిగే మలుపులో ఒక టీ హోటలు ఉంది. పెంకుల వసారా, ఒక పొయ్యి, రెండు బల్లలు. హోటలంటే అంతే. ఆ పొయ్యి వెనక గోడకే చాలా ఏళ్ళు వేలాడాను. నా ఒంటి మీద ఎర్రరంగుతో రాసి ఉన్నది ఒకటే మాట: "ఇచ్చట రాజకీయములు మాట్లాడరాదు."

అందుకని ముందే చెబుతున్నాను, నేను రాజకీయాలు మాట్లాడను. ఢిల్లీలో ఉన్న ఆ పెద్దమనిషి పేరు ఎత్తను. ఆయన్ని దింపేస్తామని తిరిగేవాళ్ళ పేర్లూ ఎత్తను. నేను చెప్పేది ఒక బల్ల గురించి, ఆ బల్ల మీద పక్కపక్కన కూర్చున్న ఇద్దరు మనుషుల గురించి. మధ్యలో రాజకీయం వచ్చిందంటే అది నేను పిలవగా వచ్చింది కాదు. పిలవని పేరంటానికి రావడమే దాని గుణం.

పుట్టుకతో నేను నూనె డబ్బాని. హోటలు పెట్టిన సాంబయ్య గారెలు వేసి నన్ను ఖాళీ చేశాడు. పారెయ్యడానికి మనసొప్పక కోయించి, సుత్తితో సాపు చేయించి, సినిమా బోర్డులు రాసే ప్రభుదాసు దగ్గరికి చంకలో పెట్టుకుని తీసుకెళ్ళాడు.

"ఏం రాయమంటావు సాంబయ్యా?"

"రాజకీయాలు మాట్లాడొద్దని రాయవయ్యా. ఒక్క టీ తాగి పొద్దుగూకేదాకా బల్ల దిగట్లేదు మహానుభావులు."

"మరి నువ్వో?"

"నా హోటలు, నా నోరు. బోర్డు వాళ్ళకి."

ప్రభుదాసుకి సినిమా పేర్లు రాసే అలవాటు కదా, మొదటి అక్షరాలు ఏనుగుల్లా వేశాడు. చివరికొచ్చేసరికి చోటు చాలక 'రాదు'ని ఒక మూలకి ఇరికించాడు. నన్ను గోడకి కొట్టేటప్పుడు సాంబయ్య మేకు పట్టుకుంటే, కాలేషా నన్ను పట్టుకున్నాడు. కాలేషాది నూలుకి రంగులద్దే పని. రంగుల కాగు దగ్గర్నుంచి అలాగే లేచి వచ్చాడు. మోచేతుల దాకా నీలం. నా కింది అంచున అతని బొటనవేలి ముద్ర పడింది.

"కొత్త బోర్డుని ఖరాబు చేశావు గదరా బావా!" అన్నాడు పక్కనే నిలబడ్డ బుచ్చిరాములు.

"ఖరాబు కాదు బావా, సంతకం. రేపు ఎవడన్నా అడిగితే నేను ఒప్పుకున్నట్టు సాక్ష్యం ఉండొద్దూ?"

బుచ్చిరాములు మగ్గం నేసేవాడు. కాలేషా రంగు అద్దిన నూలే అతని మగ్గం ఎక్కేది. ఆ ఎరుపు ఇంకొంచెం ముదరాలని ఇతను, నీ కళ్ళు ముదిరాయి నూలు కాదని అతను, ఇద్దరూ పొద్దున్నే వాదులాడుకుంటూ వచ్చి కిటికీ పక్క బల్ల మీద కూర్చునేవాళ్ళు. బావా అంటే బావా అనుకునేవాళ్ళు. ఏ పెళ్ళితో కలిసిన బావలో ఎవరూ అడగలేదు.

నన్ను తగిలించిన రోజే నన్ను మొదట మీరినవాడు సాంబయ్య. గరిటెతో నన్ను చూపించి, "అదిగో, చదువుకోండి" అని, ఆ గరిటె దించకుండానే, "అయినా మొన్న మన ఎమ్మెల్యే చేసిన పని చూశారా?" అన్నాడు. ఇక అంతే. ఆ తర్వాత ఎన్ని ప్రభుత్వాలు నా ముందు కూలాయో, ఎన్నింటిని ఈ బల్లల మీదే లేపి నిలబెట్టారో! ఒకడు బల్ల గుద్దేవాడు, ఒకడు పేపరు చింపేవాడు, టీ ఒలికేది. సాయంత్రానికి అందరూ ఒకే గొడుగు కింద ఇళ్ళకి పోయేవాళ్ళు. నన్ను చూసి నవ్వుకునేవాళ్ళు. నాకు కోపం వచ్చేది. నా మాటకి విలువ లేదని ఏడ్చేదాన్ని. ఎంత తెలివితక్కువదాన్నో.

ఆ హోటల్లో ఒక ఆచారం ఉండేది. ఓట్ల లెక్కింపు రోజు ఎవరి పార్టీ ఓడితే వాళ్ళు పంచదార లేని టీ తాగాలి. తాగి, గెలిచినవాడి ముందు 'బ్రహ్మాండంగా ఉంది' అనాలి. ఒకసారి బుచ్చిరాములు ఓడాడు, ఒకసారి కాలేషా. కాలేషా ఓడినప్పుడు బుచ్చిరాములు అటూ ఇటూ చూసి తన గ్లాసులోది సగం కాలేషా గ్లాసులో పోసేవాడు. "గెలిచినవాడి పంచదార ఇంత తియ్యగా ఉండదు బావా, ఏం కలిపావు?" అనేవాడు కాలేషా.

సాంబయ్య భార్య తాయారమ్మకి చదువు రాదు. పొయ్యి ముందు నిలబడితే ఎదురుగా నేనే. రోజూ చూసీ చూసీ, వాళ్ళనీ వీళ్ళనీ అడిగీ, నా మీద అక్షరాలు గుర్తుపట్టింది. ఆమె మొదట చదివిన పుస్తకం నేనే. నా దగ్గర్నుంచి పొట్లాల కాగితాలకి వెళ్ళింది, అక్కడి నుంచి పేపరుకి వెళ్ళింది. పేపరు చదవడం వచ్చాక ఆమెకి నిద్ర తగ్గింది. "చదువు రానప్పుడు నా భయాలన్నీ ఈ వీధిలోనే ఉండేవి. ఇప్పుడు దేశమంతా ఉన్నాయి" అనేది.

ఆమెకి ఎవరు వెళ్ళిపోయినా భయమే. స్టేషను పక్క హోటలు కదా, వెళ్ళేవాళ్ళే ఎక్కువ. రైలు కూతేస్తే ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగేది. సాంబయ్య పోయిన తర్వాత హోటలు మూసేస్తానంది. పదకొండో రోజు దాటగానే ఈ ఇద్దరూ వచ్చారు. కాలేషా పొయ్యి రాజేశాడు. బుచ్చిరాములు టీ పెట్టాడు. ఆ టీ నోట్లో పెట్టుకునేట్టు లేదు.

"చెల్లెమ్మా, నువ్వు లేచి రాకపోతే రేపట్నుంచి ఊరందరికీ ఇదే టీ" అన్నాడు కాలేషా.

ఆమె ఏడుస్తూనే నవ్వింది, లేచి వచ్చింది. అప్పట్నుంచి వాళ్ళిద్దరూ ఆ బల్ల మీద కనపడితేనే ఆమెకి తెల్లవారినట్టు. ఆమెకి ఇంకెవరూ లేరు. ఆ బల్ల ఆమె కుటుంబం.

తర్వాత ఢిల్లీలో ఆ పెద్దమనిషి గద్దెకెక్కాడు. మొదట్లో బుచ్చిరాములుకే కాదు, చాలామందికి నచ్చాడు. గట్టిగా మాట్లాడతాడు, ఎవరికీ భయపడడు అన్నారు. పేపరు పోయి ఫోన్లు వచ్చాయి. బుచ్చిరాములు ఫోన్లో ఆయన హిందీలో అరుస్తుంటే, వెనకాల ఇంకెవరో తెలుగులో చెప్పేవాడు. పేపరైతే ఇద్దరూ చెరో అంచు పట్టుకుని చదివేవాళ్ళు. ఫోను ఒకడి చేతిలోనే ఉంటుంది. నేను గోడ మీద నుంచి చూశాను, బల్ల మీద ఇద్దరి మధ్య కొంచెం జాగా ఏర్పడింది.

నూలు ధర పెరిగింది. బుచ్చిరాములు ఇంట్లో ఒక మగ్గం ఆగింది, తర్వాత రెండోది ఆగింది. ఆ సంగతి అతను పైకి అనడు. అంటే ఎవరిని అనాలో తెలుసు కనక అనడు. కాలేషా మాత్రం నోరు మూసుకోలేదు.

"బావా, మీ ఆయన్ని అడగరాదూ, మన మగ్గాల గురించి ఒక్క ముక్క మాట్లాడమని?"

"మీవాళ్ళు అడిగి చావొచ్చుగా! ప్రతిపక్షమంటే దేనికి మరి?"

 కాలేషా పార్టీ నాయకుడు ఎన్నికల ముందు మా హోటలుకి వచ్చాడు. నా కింద నిలబడి టీ తాగి, కాలేషా నీలం చేతుల్ని రెండు చేతులా పట్టుకుని, "మీకు నేనున్నాను" అన్నాడు. ఫొటో తీయించుకున్నాడు. గెలిచాక ఆరు నెలలు తిరక్కుండా కండువా మార్చి ఆ పెద్దమనిషి పక్కన నిలబడ్డాడు. ఆ రోజు కాలేషా గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"నా ఓటుని పట్టుకెళ్ళి వాళ్ళింటికి కాపరానికి పంపాడు బావా. కనీసం నన్ను పెళ్ళికి పిలవలేదు."

అందరూ నవ్వారు. అదే ఆ బల్ల మీద నేను విన్న చివరి నవ్వు. మిగిలిన ప్రతిపక్షం వాళ్ళు కుర్చీ ఎవరిదో తేలక వాళ్ళలో వాళ్ళే కొట్టుకుంటున్నారని పేపర్లో వచ్చేది. తాయారమ్మ పేపరు మడిచి పొయ్యి పక్కన పెట్టి, "ఆయన వినడు, వీళ్ళు అడగరు. మధ్యలో మనమెందుకురా భగవంతుడా ఉన్నది?" అనేది. ఆ మాట అక్కడ టీ తాగే ప్రతివాడి మనసులోదీ. అయినా ఓటు రోజొస్తే మళ్ళీ అటో ఇటో వేసి వచ్చేవాళ్ళు, ఇంకేం చేయాలో తెలియక.

ఒక ఉదయం బుచ్చిరాములు ఫోన్లో ఆ పెద్దమనిషి సభ పెట్టుకుని వింటున్నాడు. "మన మధ్యనే ఉంటారు. మన తిండి తింటారు. మనవాళ్ళు మాత్రం కారు. వాళ్ళెవరో మీకు తెలుసు" అంటున్నాడు తెలుగులో చెప్పేవాడు. సభలో జనం హోరు. 

కాలేషా నెమ్మదిగా అడిగాడు. "బావా, ఆ వాళ్ళల్లో నేనున్నానా?"

'ఛీ, ఊరుకోరా' అని ఉంటే సరిపోయేది. వీపు మీద ఒక్కటి వేసి ఉంటే సరిపోయేది. బుచ్చిరాములు ఫోను వంకే చూస్తూ, "నిన్ను కాదులే. నిన్నెందుకంటాడు" అన్నాడు.

"నన్ను కాదు. మరి మా తమ్ముణ్ణా? మా అమ్మనా?"

బుచ్చిరాములు నోరు తెరిచాడు. ఏదో చెప్పబోయాడు. ఏం చెప్పేవాడో నాకు ఈనాటికీ తెలియదు. ఎందుకంటే తాయారమ్మ అడ్డొచ్చింది. ఇద్దరూ ఒకరి మొహం మీద ఒకరు తలుపేసుకుంటారేమోనని భయపడింది. గరిటె ఎత్తి నన్ను చూపించింది.

"అన్నయ్యా, మీకు దణ్ణం పెడతాను. బోర్డు చూడండి."

ఇద్దరూ నన్ను చూశారు. ఇన్నేళ్ళలో మొదటిసారి నా మాట విన్నారు. కాలేషా టీ తాగి లేచాడు. బుచ్చిరాములు ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఆ ప్రశ్న బల్ల మీద అలాగే ఉండిపోయింది, తుడవని టీ మరకలాగా.

మర్నాటి నుంచి వాళ్ళు నన్ను మీరలేదు. వాన గురించి మాట్లాడుకున్నారు, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నారు. మర్యాదగా మాట్లాడుకున్నారు. బావా అనే మాట తగ్గి 'ఏమండీ' వచ్చింది. తర్వాత బుచ్చిరాములు నూలు ఇంకో అద్దకం వాళ్ళకి వెళ్తోందని తెలిసింది. వీధిలో కుర్రాళ్ళు నలుగురు వచ్చి అలా చేస్తే మంచిదని చెప్పారట. అతనికి ఇష్టం లేదట. ఇష్టం లేకుండానే పంపాడు. కాలేషా ఆ సంగతి ఎత్తలేదు. వసారా స్తంభం పక్కన వేరే బల్ల మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. తాయారమ్మ రెండు గ్లాసులూ పట్టుకుని రెండు బల్లల దగ్గరికి తిరిగేది. రెండు చోట్లా కళ్ళతోనే బతిమాలేది.

మళ్ళీ ఓట్ల లెక్కింపు వచ్చింది. ఆ పెద్దమనిషే గెలిచాడు. ఓడినవాళ్ళు మాకు బలం పెరిగిందని మిఠాయిలు పంచుకున్నారని తాయారమ్మ పేపర్లో చదివి నవ్వలేకపోయింది. బజారులో టపాకాయలు, ఊరేగింపు. ఆ ఊరేగింపులోకి బుచ్చిరాములుని వీధి కుర్రాళ్ళు లాక్కెళ్ళారు.

కాలేషా హోటలుకి వచ్చాడు. చేతికి సంచి ఉంది. వచ్చి పాత బల్ల మీద, కిటికీ పక్క, తన చోట్లో కూర్చున్నాడు. అతని చేతులు చూసి తాయారమ్మ భయపడింది. నీలం లేదు. మామూలు మనిషి చేతుల్లాగా వెలవెలబోతున్నాయి.

"చప్పటి టీ ఇవ్వు చెల్లెమ్మా. ఓడాను గదా."

"ఇప్పుడెవరు అడిగారన్నయ్యా అవన్నీ..."

"అడక్కపోయినా మాట మాటే."

పక్కన ఖాళీగా ఉన్న చోటు వైపు చూస్తూ, గుక్కగుక్కకీ ఆగుతూ తాగాడు. దారి వైపు రెండుమూడు సార్లు చూశాడు. ఆఖరి గుక్క అయ్యాక ఆ ఖాళీ చోటుతోనే, "బ్రహ్మాండంగా ఉంది బావా" అన్నాడు. నెల్లూరులో కూతురి దగ్గరికి పోతున్నానని, అద్దకం తీసేశానని తాయారమ్మకి చెప్పాడు. మళ్ళీ ఎప్పుడొస్తావని ఆమె అడగలేదు. అడిగితే అతను అబద్ధమాడాల్సి వస్తుందని ఆమెకి తెలుసు. రైలు కూతేసింది. ఆమె చెయ్యి ఆగింది. ఆ రోజు చాలాసేపు ఆగింది.

మర్నాడు బుచ్చిరాములు వచ్చాడు. కాలర్ మీద ఊరేగింపులో చల్లిన గులాల్ రంగు ఇంకా ఉంది. తాయారమ్మ ఎప్పటిలాగే పంచదార చెంచా ఎత్తింది.

"వద్దమ్మా" అన్నాడు.

"మీరు గెలిచారుగా అన్నయ్యా."

"పంచదార వెయ్యొద్దమ్మా" అన్నాడు మళ్ళీ.  తాగాడు గానీ, తాగాక అనాల్సిన మాట అనలేకపోయాడు. వినాల్సినవాడు లేడు.

ఆ మధ్యాహ్నం తాయారమ్మ స్టూలెక్కి నన్ను పీకేసింది. "నీ వల్ల కాదే, నా వల్ల" అని నాతో అంటూనే పీకింది. మసి వదలడానికి చింతపండుతో తోమింది. కింది అంచు దగ్గర నీలం బొటనవేలి ముద్ర బయటపడేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది. అక్కడ తోమలేదు. నన్ను నీళ్ళ డ్రమ్ము మీద మూతగా పెట్టింది.

ఇప్పుడు ఎవరి మాటకీ అడ్డు లేను. ఇకనైనా మాట్లాడుకుంటారని ఆమె ఎదురుచూసింది. నేనూ ఎదురుచూశాను. రోజూ పొద్దున్నే బుచ్చిరాములు వచ్చి చప్పటి టీ తాగుతాడు. నీళ్ళు ముంచుకునే వంకతో డ్రమ్ము దగ్గరికి వచ్చి, నా అంచు మీద ఆ నీలం మచ్చని వేలితో ఒకసారి తాకి పోతాడు. నెల్లూరు వైపు నుంచి రైలొచ్చే వేళకి తలెత్తుతాడు, దించుతాడు. మిగిలినవాళ్ళు ఎవరి ఫోను వాళ్ళు చూసుకుంటారు. ధరలు మండుతున్నాయని ఎవడన్నా నోరు జారితే, పక్కవాడు ఏ వైపువాడో తెలియక మధ్యలోనే మింగేస్తాడు.

పొయ్యి వెనక గోడంతా మసి. నేను ఉన్నంత మేర మాత్రం తెల్లగా, నలుచదరంగా మిగిలింది. హోటలుకి వచ్చిన ప్రతివాడూ ముందు అటు చూస్తాడు. ఆ గోడ మీద ఇప్పుడు ఏమీ రాసి లేదు. అయినా అందరూ దాన్నే చదువుతున్నారు.