మాట అందించే మాస్టారు

“కెప్టెన్ ఎక్కడ పడిపోతాడు?” అని అడిగాడు జోసఫ్ మాస్టారు.

బుల్లయ్య నోరు తెరిచాడు. మాట బయటికొచ్చేలోపలే “చుక్కాని పక్కన” అని మాస్టారే జవాబు చెప్పేసి, భేషుగ్గా చెప్పావన్నట్టు తలాడించాడు. బుల్లయ్యకిది మామూలే. తెరిచిన నోరు మూసుకుని వెళ్ళి చుక్కాని పక్కన పడి చచ్చాడు. ఆ చుక్కాని నిజానికి ఎద్దుబండి చక్రం. ఓడ మిగతా భాగమంతా తరగతి బెంచీలు.

అది 1962 ఫిబ్రవరి. ఊళ్ళో బడిని మల్టీపర్పస్ స్కూలు చేశాక, పై తరగతుల పిల్లలు తమకు నచ్చిన కోర్సు ఎంచుకోవచ్చన్నారు. వ్యవసాయం ఉంది, టైపు ఉంది, లెక్కలున్నాయి. చిట్టచివర్న ఇంగ్లీషూ నాటకమూ కలిపి ఒక కోర్సు పెట్టారు. అందులో చేరినవాళ్ళు ఆరుగురు. బుల్లయ్య చేరింది లెక్కలుండవని. మిగతా నలుగురూ చేరింది బుల్లయ్య చేరాడని. కోరి చేరింది చలమయ్య కూతురు మల్లేశ్వరి ఒక్కతే. ఆ పిల్ల పొద్దున రెండు గంటలపాటు కల్లంలో మిరపకాయల తొడిమలు తీసి, మండే వేళ్ళతో పుస్తకం ముట్టుకోలేక ఓణీ చెంగుతో పట్టుకుని వస్తుంది. ఈ కోర్సు ఎత్తేస్తే బడి మానేసి కల్లానికే రావాలని చలమయ్య తేల్చి చెప్పాడు.

ఎత్తేసేలాగానే ఉన్నారు మరి. నవంబరులో విద్యాధికారి సంజీవరావుగారు తనిఖీకొచ్చి, పిల్లల్ని ఇంగ్లీషులో ఒక్కో ప్రశ్నా అడిగారు. ఆరుగురూ మాస్టారి మొహం చూశారు. మాస్టారు ఆరింటికీ జవాబులిచ్చాడు. ‘పిల్లలు మాట్లాడటం లేదు, మాస్టారు మాట్లాడుతున్నారు’ అని రాసుకుని, ఫిబ్రవరిలో మళ్ళీ వస్తాననీ, అప్పుడూ ఇంతే అయితే ఈ ఏడుతో కోర్సు ఆఖరనీ చెప్పి వెళ్ళారు. ఆ ఫిబ్రవరి ఇదే. ఆ రోజూ ఇవాళే. పైగా మాస్టారికి ఈ ఊళ్ళో ఇదే ఆఖరి రోజు. పిడుగురాళ్ళకు బదిలీ అయింది, సాయంత్రం అయిదింటి బస్సుకు సామాను సర్ది ఉంది. బదిలీకి ఆయన బాధపడలేదు, ముప్ఫయ్యేళ్ళలో ఇది ఏడోది. తన నోటి దురద వల్ల ఆరుగురు పిల్లల చదువు మట్టిగొట్టుకుపోతుందేమోనన్నదే ఆయన బెంగ.

మనిషి బక్కపల్చన. చెవులు మాత్రం ఇద్దరికి సరిపోతాయి. నల్లకోటుకు మూడు గుండీలు, మూడూ మూడు రంగులవి. పన్నెండేళ్ళప్పుడు మిషను బళ్ళో నాటకంలో ఆయనకొక వేషం ఇచ్చారు. రాజుగారు వస్తున్నారని ఇంగ్లీషులో ఒక్క ముక్క చెప్పి పక్కకు తప్పుకోవాలి. చెప్పలేకపోయాడు. తెర వెనకనుంచి మూడుసార్లు అందించినా నోరు పెగల్లేదు. రాజుగారు చెప్పా పెట్టకుండానే వచ్చేశారు. మరుసటి ఏడు మాస్టర్లు జాలిపడి పుస్తకం చేతికిచ్చి తెర వెనక నిలబెట్టారు. అక్కడ, ఎవరికీ కనబడకుండా, మరిచిపోయినవాళ్ళకు మాట అందిస్తూ నిలబడితే, సొంతింట్లో ఉన్నట్టు ప్రాణానికి హాయిగా అనిపించింది. ఆ తరవాత మళ్ళీ తెర ముందుకు రాలేదు.

అలవాటు తెర వెనక ఆగితే బాగుండేది. బజార్లో కూరగాయల బేరం, చర్చిలో ప్రార్థన, పొరుగువాళ్ళ తగాదా, ఎవరు ఎక్కడ తడబడినా చివరి మాట ఆయనే అందించేవాడు. “మా పెళ్ళిలో పాస్టరుగారు ఒప్పుకుంటున్నావా అని నన్నడిగితే ఈయనే ఒప్పుకున్నాడు” అని ఆయన భార్య రెబ్కా ఇప్పటికీ నలుగురిలో చెప్పి నవ్విస్తుంది. ఇవాళ పొద్దున ఆవిడ ఆయన అరచేతిలో ఒక లవంగం పెట్టింది.

“బుగ్గన పెట్టుకోండి. ఈ ఒక్కపూట నోటికి తాళం వేసుకోండి. ఆ పిల్లలు మూగవాళ్ళు కారు” అంది.

మూడింటికి విద్యాధికారి ఎదుట నాటకం మొదలైంది. బడి వెనక రేకుల షెడ్డులో బల్లలు చేర్చి వేదిక కట్టారు. కల్లాల్లోంచి ఉన్నపళంగా లేచొచ్చిన జనంతో షెడ్డు నిండిపోయింది. వాళ్ళతోపాటు మిరప ఘాటూ వచ్చింది. ముందు వరసలో సంజీవరావుగారు ముక్కుకు జేబురుమాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. నాటకం మాస్టారు సొంతంగా రాసిందే. ఓడ మునిగిపోతుంది, కెప్టెన్ తన కూతుర్నీ నావికుల్నీ పడవలోకి ఎక్కించి తాను ఓడలోనే ప్రాణం వదులుతాడు. సముద్రం చూసినవాళ్ళు ఆరుగురిలో ఒక్కరూ లేరు. ఓడ సంగతి సరేసరి.

తెర వెనక మాస్టారు లవంగం నముల్తూ ఓర్చుకున్నాడు. అయినా నాలుగుసార్లు నోరు జారింది. ఆయన గుసగుస ముందు వరసదాకా వినబడింది. నాలుగుసార్లూ సంజీవరావుగారు ఏదో రాసుకున్నారు. అయిదోసారి మాస్టారు తన నోరు తనే చేత్తో మూసుకున్నాడు.

బుల్లయ్య “గుడ్ బై, మై బ్రేవ్ మెన్” అని గర్జించి, చుక్కాని పక్కన దబ్బున పడ్డాడు. కూతురి వేషంలో ఉన్న మల్లేశ్వరి ఏడ్చింది. మిరప ఘాటుకు షెడ్డంతా అప్పటికే ఏడుస్తోంది. నాటకం అయిపోయింది. సంజీవరావుగారు కలానికి మూత పెట్టారు.

అప్పుడు వెనకనుంచి వినబడింది.

“వన్స్ మోర్!”

అరిచింది బుల్లయ్య మేనమామ మాలకొండయ్య. పద్యనాటకం ఎక్కడ ఆడుతుంటే అక్కడికి బండి కట్టుకుని వెళ్ళే మనిషి. జనం వన్స్ మోర్ అంటే చచ్చినవాడైనా లేచి, ఇంకోసారి పద్యం పాడి, ఇంకోసారి చావాల్సిందే. ఆ నాటకాల మర్యాద అది. ఒకరు అరిచాక వందమంది అందుకున్నారు. ఇంగ్లీషు నాటకంలో చచ్చినవాడు చచ్చినట్టే పడుండాలని మాస్టారు వారంరోజులుగా నూరిపోశాడు. బుల్లయ్య ఒక కన్ను తెరిచి తెరవైపు చూశాడు. మల్లేశ్వరీ చూసింది.

మాస్టారు పుస్తకం తిరగేశాడు. ఆ పేజీ తరవాత పేజీ లేదు. అందించడానికి ఆయన దగ్గర మాటే లేదు. పన్నెండేళ్ళప్పటి చెమట మళ్ళీ పట్టింది.

మల్లేశ్వరి కళ్ళు తుడుచుకుని చచ్చిన తండ్రి దగ్గరికెళ్ళి వంగింది.

“ఫాదర్, గెట్ అప్. దే ఆర్ నాట్ హ్యాపీ. యూ మస్ట్ డై ఎగైన్.”

ఆ మాటలు ఏ పుస్తకంలోనూ లేవు. ఆ పిల్ల నోట్లోనే పుట్టాయి. బుల్లయ్య కదలకుండా జవాబిచ్చాడు.

“ఐ యామ్ టైర్డ్. యూ డై.”

“ఐ కెనాట్. హూ విల్ కుక్?”

ముందు వరసలోంచి ఒక పెద్ద నవ్వు పేలింది. అది సంజీవరావుగారిది. పడవలో కూర్చున్న నలుగురు నావికులకూ ధైర్యమొచ్చింది. ఒకడు తనకు ఈత రాదన్నాడు, ఇంకొకడు ఆకలన్నాడు, అంతా ఇంగ్లీషులోనే, వంకరో టింకరో సొంత ఇంగ్లీషులో. బుల్లయ్య లేచి నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని మేనమామ వైపు తిరిగాడు.

“అంకుల్, వన్ టైమ్ ఓన్లీ. షిప్ ఈజ్ సింకింగ్.”

ఇంకోసారి చచ్చాడు. మొదటిసారికంటే బాగా చచ్చాడు. మాలకొండయ్యకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా తన మేనల్లుడు అందరిముందూ తనతో ఇంగ్లీషు మాట్లాడాడని పక్కవాళ్ళందరికీ చెప్పి కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

తెర వెనక జోసఫ్ మాస్టారు పుస్తకం మూసేశాడు. ఇంత సంతోషం ఆయన జన్మలో ఎరగడు. ఆ సంతోషంలోనే, ఇక వీళ్ళకు తను అక్కర్లేదన్న సంగతి కూడా సన్నగా తగిలింది. తగిలినా తియ్యగానే ఉంది.

పిల్లలు రమ్మని గోలపెడితే ఆయన వేదిక మెట్ల దగ్గర చెప్పులు విడిచి, చేత్తో వేదికను తాకి కళ్ళకద్దుకుని పైకెక్కాడు. తెర ముందు నిలబడటం నలభయ్యేళ్ళ తరవాత అదే మొదలు. సంజీవరావుగారు కింద నిలబడి ఇంగ్లీషులో అడిగారు, ఆ చివరి భాగం మీరు రాసిందేనా అని.

మాస్టారు నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకున్నాడు. మల్లేశ్వరి వైపు తిరిగి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఆ పిల్ల ఒక క్షణం తడబడింది, రెండు క్షణాలు తడబడింది. ఆయన పెదవులు కదలలేదు.

“నో సర్,” అంది మల్లేశ్వరి. “దట్ ఈజ్ అవర్స్.”

సంజీవరావుగారు తల ఊపారు. కోర్సు ఉంటుందనీ, సోమవారానికి గుంటూరు నుంచి కొత్త మాస్టారు వస్తాడనీ అక్కడే అందరికీ వినబడేట్టు చెప్పారు. వెనక వరసలో చలమయ్య ఎవరివంకా చూడకుండా మీసం సర్దుకున్నాడు.

ఈలోగా అయిదయింది. ఇంటి దగ్గర రెబ్కానీ సామానునూ ఎక్కించుకుని, డ్రైవరు హయాత్ బస్సును బడి ముందే ఆపి హారన్ మీద హారన్ కొడుతున్నాడు. జనం మాస్టార్ని వేదిక రెండోవైపు నుంచి దించి, ఊపిరాడనివ్వకుండా చుట్టుముట్టి బస్సుదాకా తీసుకెళ్ళారు. ఎవరో చేతిలో మిరపకాయల సంచీ పెట్టారు. ఎవరో పుస్తకాల మూట అందించారు. వెళ్ళొస్తానని చెప్పబోతుంటే బుల్లయ్య అడ్డొచ్చాడు.

“మాస్టారూ, మీరు చెప్పకండి. మేం చెప్తాం. వెళ్ళిరండి.”

బస్సు కల్లాలు దాటి, దుమ్ములో కలిసిపోయింది.

సోమవారం నాటకం పీరియడుకు ఆరుగురూ షెడ్డుకొచ్చారు. బెంచీలు మళ్ళీ ఓడగా సర్దుతున్న కొత్త మాస్టారు, మెట్ల దగ్గరున్న చెప్పులు పక్కన పెట్టమంటే ఎవరూ కదల్లేదు. ఎడమదాని మడమ అరిగిపోయి, కుడిదాని పట్టీకి పత్తి దారంతో కుట్టువేసి, వేళ్ళ గుంటల్లో ఎర్రటి మిరప పొడి నిండిన ఆ చెప్పులజత, వేదికవైపే తిరిగి ఉంది.