సొంత ఊపిరి బండి

కప్టగట్ కొండల అడవి దారిలో ఆ శనివారం పొద్దున జరిగిన అవమానం టొరోయిటిచ్ ముసలాయన జన్మలో మర్చిపోడు. కోచమ్మ జెబివోట్ పాత లాండ్ క్రూజర్ ముందు నడవాలి, ఆమె శిష్యులు పదకొండుమంది వెనక పరిగెత్తాలి, దారిలో బండిలోంచి వాళ్ళకి నీళ్ళసీసాలు అందాలి. అదీ ఏర్పాటు. తీరా చివరి ఎత్తు దగ్గర బండి నల్లపొగ కక్కుతూ మూలుగుతుంటే పదకొండుమందీ దాన్ని దాటుకుని పోయారు. పోతూ పోతూ వాళ్ళలో కిమయ్యో అనేవాడు బానెట్ మీద చేత్తో తట్టి, "దా ముసలోడా, దా! ఇంకొంచెమే!" అన్నాడు. ముసలాయన పక్క సీట్లోనే ఉన్నాడు. ఆ బండికి పదిహేనేళ్ళుగా మెకానిక్కు ఆయనే మరి.

ఆ సాయంత్రం కిమయ్యో కోచమ్మకి కచ్చితంగా చెప్పేశాడు. "వచ్చే శనివారం కూడా నీళ్ళందకపోతే మేమంతా పై క్యాంపులో చేరిపోతాం కోచమ్మా. ఏమనుకోకు. వాళ్ళకి కొత్త పికప్పుంది."

జెబివోట్ తిన్నగా ముసలాయన షెడ్డుకొచ్చి పడింది.

"ఏం బాబాయ్, ఈ ఇంజన్లో రెండొందల గుర్రాల బలముందని గొప్పలు చెప్పావుగా? సగం మేతకెళ్ళాయా?"

"వయసైపోయింది తల్లీ దానికి. ఎల్డొరెట్ పట్నం తీసుకుపో, టర్బో బిగిస్తారు. గాలిని బలవంతాన లోపలికి తోస్తుంది, బండి లేచి కూర్చుంటుంది."

"ఏం అక్కర్లేదు! ఇంత ఎత్తున, ఈ పల్చటి గాల్లో నా పిల్లలు సొంత ఊపిరితో ఎక్కట్లేదూ? నా బండీ అలాగే ఎక్కాలి. ఇది పరుగుపందెంలో నా కాళ్ళు గెలిచిన బండి బాబాయ్. అమ్మను, మార్చను. వారం రోజులిస్తున్నా." భుజాల మీది దుప్పటి బిగించుకుంటూ గుమ్మం దగ్గర ఆగింది. "పనిలో పనిగా ఆ హీటరు కూడా చూడు. పొద్దున్నే కాళ్ళు కొయ్యబారి చస్తున్నా."

"మన దేశంలో హీటరెందుకమ్మా!" అన్నాడు టొరోయిటిచ్. పదిహేనేళ్ళుగా ఆయన జవాబు అదే.

ఇక చూడండి ముసలాయన పట్టుదల! పొగగొట్టం పీకి లావుపాటిది వేశాడు. ఆరు సిలిండర్లకూ ఆరు గొట్టాలు ఒకే పొడవున వంచి అతికాడు. ఇంజను వేడిగాలి మింగకుండా బయటి గాలికి కొత్త దారి పెట్టాడు. ప్లగ్గులు మార్చాడు, నిప్పురవ్వ పడే వేళను ఒక పిసరు ముందుకు జరిపాడు. టాపు మీది ఇనప చట్రం ఊడబీకి మేకల దొడ్డికిచ్చేశాడు. ప్రతిదానికీ బండి కాస్త కాస్త తేలికపడింది, నిజమే. కానీ గురువారం పొద్దున ఎత్తు మీదికి తీసుకెళ్తే మళ్ళీ అదే నల్లపొగ, అదే మూలుగు. ముసలాయనకి ఏడుపొక్కటే తక్కువ.

శుక్రవారం తెల్లారి మనసు బాగోక రోడ్డు పక్కన టీ తాగుతూ కూర్చున్నాడు. కిమయ్యో వాళ్ళు అటే వచ్చారు. అదేం పరుగో గానీ, కట్టెలమోపు ఎత్తుకున్న ఆడమనిషి వాళ్ళని దాటుకుని పోయింది.

"ఏరా, ప్రపంచాన్ని ఓడించే మొనగాళ్ళు మీరేనా?" అని అరిచాడు.

"వేడెక్కుతున్నాం తాతా! చల్లటి ఒంటితో ఎత్తెక్కితే ఎంత తిన్నా బలం రాదు!"

టొరోయిటిచ్ చేతిలో కప్పు చేతిలోనే ఉండిపోయింది. వేడెక్కడం! బండిలో ఇంజను వేడిని చూపే ముల్లు ఏనాడూ అడుగు నుంచి లేవదు. హీటరు చల్లగాలే ఊదుతుంది. ఒళ్ళు చల్లగా ఉంది కదాని ఇంజను పెట్రోలు మీద పెట్రోలు తాగి, అరగక నల్లగా కక్కుతోంది. ఇంజను వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటర్లోకి పోనివ్వని చిన్న ఇత్తడి మూత ఒకటుంటుంది, థర్మోస్టాట్. "చలిదేశాల వాళ్ళ మూత మనకెందుకు?" అంటూ చేతికొచ్చిన ప్రతి బండిలోంచీ దాన్ని పీకి పారెయ్యడం ఆయన గురువు నేర్పిన మొదటి పాఠం. కోచమ్మ బండిలోంచి పీకిందీ ఈ చేతులే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది ఆయన పని.

షెడ్డులో నూనెడబ్బా నిండా ఆ మూతలే. సరిపోయేది ఏరి, టీ గిన్నెలో మరిగే నీళ్ళలో వేశాడు. మూత మెల్లగా నోరు తెరిచింది. "బతికే ఉన్నావటే!" అని పొంగిపోయి, తీసుకెళ్ళి కోచమ్మ బండిలో బిగించాడు.

శనివారం. పొగమంచు. చివరి ఎత్తు. వేడిముల్లు సగానికి లేచి నిలబడింది. జెబివోట్ యాక్సిలరేటర్ నొక్కింది చూడండి, బండి గర్జించి ఎగబాకింది! నల్లపొగ లేదు, మూలుగు లేదు. వెనక పదకొండుమందీ చిన్నబోయారు. ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి, "దా కిమయ్యో, దా! ఇంకొంచెమే!" అని కేకేసింది. కొండకొమ్మున బండి ఆపి అందరికీ సీసాలందించింది. కిమయ్యో గటగటా తాగేసి, బానెట్‌కి వంగి దండం పెట్టి నవ్వాడు.

"నీ కొత్త పొగగొట్టం మహిమే మహిమ బాబాయ్!" అంది జెబివోట్, పక్క సీట్లో ఉన్న ముసలాయనతో.

అవునంటే సరిపోను. ఎవరడుగుతారు? కానీ ఆమె పాదాల మీద హీటరు వెచ్చగా ఊదుతోంది, ఆ దుప్పటి ఒళ్ళోంచి జారి కింద పడుంది. ముసలాయనకి అబద్ధమాడబుద్ధి కాలేదు. ఉన్నదంతా చెప్పేశాడు.

"పదిహేనేళ్ళు!" జెబివోట్ దుప్పటి తీసి ఆయన మొహాన కొట్టింది. "పదిహేనేళ్ళు నన్ను చలికి చంపింది నువ్వా!" అని మళ్ళీ కొట్టింది. మూడోసారి ఎత్తిన చెయ్యి నవ్వాగక అలాగే ఉండిపోయింది. "ఇంకెవరెవరి బండ్లలో పీకావు?"

"ఊళ్ళో అందరివీ... అన్నీ మళ్ళీ పెట్టేస్తా తల్లీ, ఒట్టు."

"పై క్యాంపు వాళ్ళ కొత్త పికప్పు?"

టొరోయిటిచ్ తలొంచుకున్నాడు. "మొన్న సోమవారమే పీకాను."

జెబివోట్ నవ్వి నవ్వి వచ్చిన కళ్ళనీళ్ళు తుడుచుకుని గేరు వేసింది.

"పాపం, దానికీ పెడుదువుగానిలే బాబాయ్. అందరివీ అయ్యాక, ఆఖర్న."