చూడని ఇల్లు

కుక్కల షెల్టర్‌లో ఆవిడను అందరూ తనిఖీ అక్క అంటారు. ఎదురుగా కాదు లెండి, వెనకాల. కుక్కను పెంచుకుంటామని ఎవరొచ్చినా, ముందు వాళ్ళింటికి వెళ్ళి మూలమూలా గాలించి వచ్చే పని ఆవిడది. గేటు కింద సందు ఎంతుందో కొలుస్తుంది. పెరటి గోడ ఎత్తు చూస్తుంది. ఇంట్లో ఉన్న ప్రతి మనిషినీ విడివిడిగా కూర్చోబెట్టి, "నిజం చెప్పండి, మీకు కుక్క కావాలా, లేక ఇంట్లోవాళ్ళు ముచ్చటపడుతున్నారని ఊరుకుంటున్నారా?" అని నిలదీస్తుంది. ఊరెళ్తే కుక్కను ఎవరు చూస్తారంటే నీళ్ళు నమిలాడని ఒక హెడ్మాస్టర్నే వెనక్కి పంపించేసింది. "ఇదేం బొమ్మల కొట్టు కాదండీ, నచ్చింది పట్టుకుపోవడానికి" అంది ఆయన మొహం మీదే. అంత ముక్కుసూటి మనిషి.

అంత మనిషీ సొంత తమ్ముడి దగ్గరికి వచ్చేసరికి ఒక కుక్క విషయంలో బోల్తా పడింది.

ఆ కుక్క పేరు నత్త. దాని నడకలోని తాపీ చూసి షెల్టర్‌వాళ్ళు పెట్టిన పేరది. తొమ్మిదేళ్ళ గోధుమరంగు కుక్క. నాలుగేళ్ళుగా అక్కడే పడి ఉంది. వచ్చినవాళ్ళంతా గంతులేసే కుక్కపిల్లల్ని ఎత్తుకుపోయేవారే గానీ, దీని వంక కన్నెత్తి చూసిన పాపాన పోలేదు. తనిఖీ అక్కకు మాత్రం అదంటే ప్రాణం. తనుండే అద్దెగదిలో కుక్కల్ని రానివ్వరు గనక గానీ, లేకపోతే ఎప్పుడో తీసుకెళ్ళిపోయేది. అందుకే, బ్రెడ్డు బట్టీలో పనిచేసే తమ్ముడు ఒకరోజు కూతుర్ని వెంటేసుకొచ్చి, "నత్తను మేం తీసుకెళ్తామక్కా" అనగానే ఆవిడకు కాళ్ళు నేలమీద నిలవలేదు.

"మరదలేమందిరా?"

"ఏమంటుంది? సరేనంది."

అంతే. తమ్ముడిల్లు నాకు తెలీదా ఏమిటి, అనుకుంది. అక్కడే బల్ల దగ్గర కూర్చుని తనిఖీ కాగితం నింపేసింది. 'ఇల్లు చూశాను. ఇంట్లో ముగ్గురితోనూ మాట్లాడాను. అందరికీ ఇష్టమే.' కింద సంతకం. ఒక్కసారి వెళ్ళి మరదల్ని అడిగి ఉంటే, "నాకు కుక్కలంటేనే ఒళ్ళు జలదరిస్తుంది వదినా" అని ఆ పిల్ల చెప్పేసేది. అడిగితేనా!

ఏడు నెలలు గడిచాయి. ఒకరోజు పొద్దున్నే ఆవిడ ఎవరిదో ఇల్లు చూడ్డానికి వెళ్ళిన సమయంలో తమ్ముడు వచ్చి, నత్తను అప్పగించి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు. ఆవిడ తిరిగొచ్చేసరికి నత్త చివరి వరసలో ఉంది. దాని గది తలుపుకు ఎర్ర చీటీ వేలాడుతోంది. ఎర్ర చీటీ పడిందంటే కరిచే కుక్కని లెక్క. దాన్ని ఇక ఎవరికీ ఇవ్వరు. బతికినన్నాళ్ళూ ఆ గదే. తనిఖీ అక్క ఆఫీసులోకి పరుగెత్తి కాగితం తీసింది. 'వెనక్కి ఇవ్వడానికి కారణం' అన్నచోట తమ్ముడి దస్తూరీలో ఒకే ఒక్క ముక్క: కరిచింది.

నత్త కరవడమేమిటి? ముక్కు మీద ఈగ వాలినా తోలుకోని జీవి! వెంటనే ఫోన్ అందుకుంది.

"ఒరేయ్, ఎవర్ని కరిచిందిరా అది?"

"ఎవర్నీ కరవలేదక్కా. కొత్త సోఫా కొన్నాం. దాని మీద బొచ్చు చూసి నీ మరదలు రోజూ ఇల్లు పీకి పందిరేస్తోంది. నేనా పొద్దస్తమానం బట్టీ దగ్గరే ఉంటాను. విసుగొచ్చి వదిలేస్తున్నామని ఎలా రాయను చెప్పు? తనిఖీ అక్క తమ్ముడే కుక్కను వదిలేశాడని నిన్ను ఆడిపోసుకోరూ? నీ పరువు కోసమే అలా రాశాను."

"నా పరువు తగలెయ్య! ఆ ఒక్క ముక్కతో దాని నోట్లో మట్టి కొట్టావు కదరా!"

ఆవిడ అంతలా గింజుకోవడానికి కారణం ఉంది. రెండు రోజుల కిందటే ఒక పెద్దావిడ వచ్చి వెళ్ళింది. రిటైరైన నర్సు. "పరుగులు పెట్టే కుక్క నాకొద్దమ్మా. నాలాగే మెల్లగా నడిచే ముసలిదుంటే చెప్పు" అంది. తనిఖీ అక్క వాళ్ళింటికి వెళ్ళి కొడుకుతో, కోడలితో, ఇద్దరు చిన్న మనవలతో విడివిడిగా మాట్లాడి వచ్చింది. ఇన్నేళ్ళలో అంత మంచి ఇల్లు చూడలేదు. పెద్దావిడ మళ్ళీ శనివారం వస్తానంది. ఈలోగా ఎర్ర చీటీ ఊడితే నత్తకు ఆ ఇల్లు దొరుకుతుంది. ఊడకపోతే అంతే సంగతులు.

చీటీ తీసే అధికారం షెల్టర్‌లోని పశువుల డాక్టరమ్మది. శుక్రవారం నాడు తనిఖీ అక్క తమ్ముణ్ణి బతిమాలి, తిట్టి, ఎలాగో రప్పించింది. "ఉన్నదున్నట్టు చెప్పరా, చాలు" అంది. డాక్టరమ్మ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని కూర్చుంది. ఒకటి తమ్ముడు రాసింది, ఒకటి అక్క రాసింది.

"కుక్క కరిచిందని మీరు రాశారు. మీ అక్కేమో కరవలేదంటోంది. ఏది నిజం?"

తమ్ముడు నోరు తెరిచాడు. అంతలో వాడి కళ్ళు రెండో కాగితం మీద పడ్డాయి. 'అందరికీ ఇష్టమే.' కింద అక్క సంతకం. తను నిజం చెబితే, మరి ఈ కాగితం సంగతేమిటని అక్కను అడుగుతారు. వాడి తలలో ఏం తిరుగుతోందో ఆవిడకు ఇట్టే తెలిసిపోయింది. వద్దురా వెధవా, వద్దు, అనుకుంది.

"కరిచిందండీ." చొక్కా చెయ్యి పైకి లాగి మోచేతి దగ్గర మచ్చ చూపించాడు. బట్టీ రేకు తగిలి కాలిన మచ్చ అది. వాడి పెళ్ళికి ముందునుంచీ ఉంది.

తనిఖీ అక్కకు ఒళ్ళు మండిపోయింది. "అబద్ధం మేడమ్! ఆ ఇల్లు నేను చూడనేలేదు. మరదలితో మాట్లాడనేలేదు. ఇక్కడే కూర్చుని రాసేశాను. తప్పంతా మాది. దాని తప్పేమీ లేదు."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"అది కాలిన మచ్చేనని నాకూ తెలుస్తోందమ్మా. కానీ ఆ ఇంట్లో కుక్క ఎలా ఉందో చూసింది ఇతను, కరిచిందంటున్నాడు. ఆ గడప తొక్కని నువ్వు కరవలేదంటున్నావు. నీ సంతకాన్నే నమ్మొద్దని నువ్వే చెప్పాక, నీ మాట మీద దీన్ని చిన్నపిల్లలున్న ఇంటికి ఎలా పంపను?"

అప్పుడు తమ్ముడు, "లేదండీ, కరవలేదు. అక్క కోసమని..." అంటూ గొణిగాడు.

"ఇప్పుడా?" అంది డాక్టరమ్మ.

చీటీ ఊడలేదు. ఇళ్ళు చూసే పని ఆవిడ నుంచి తీసేసి, వచ్చినవాళ్ళకు కుక్కల్ని చూపించే పని అప్పగించారు. ఉద్యోగం ఊడలేదు, అదే పదివేలు అన్నారంతా.

శనివారం పెద్దావిడ వచ్చింది. మనవలు ఎంచిన నీలంరంగు మెడపట్టీ కూడా తెచ్చుకుంది. తనిఖీ అక్క వరసలన్నీ తిప్పి చూపించింది. అన్నీ దూకేవీ, ఎగిరేవీ. చివరి వరస రాగానే ఆవిణ్ణి పక్కకు మళ్ళించబోయింది.

"ఆగమ్మా. ఆ మూలనున్నదేది? అబ్బ, ఎంత తాపీగా లేస్తోందో చూడు! నాకిలాంటిదేగా కావాల్సింది!"

నత్త మెల్లగా జాలీ దగ్గరికొచ్చి తనిఖీ అక్క వేళ్ళు నాకసాగింది. కథంతా చెప్పి పెద్దావిడ కాళ్ళు పట్టుకుందామనిపించింది. చెప్పినా చీటీ ఊడదు. పైగా ఆ చీటీ ఉన్న కుక్క గురించి అడిగితే షెల్టర్‌లో ఎవరైనా చెప్పాల్సిన జవాబు ఒక్కటే.

"అది ఇవ్వరమ్మా."

"ఏం, జబ్బా?"

"కాదు." తనిఖీ అక్క తడి వేళ్ళను వెనక్కి తీసుకుంది. "కరుస్తుంది."