చాక్లెట్ చువ్వ

కేకు పొడిలో మీగడ పోసి పిసుకుతోంది బుచ్చమ్మ. మునివేళ్లతో కాదు, అరచెయ్యి ఆనించి. ఉండ గట్టిపడాలి. పగుళ్లుంటే చాక్లెట్‌లో ముంచగానే విడిపోయి గిన్నెంతా బురదవుతుంది. నిమ్మకాయంత ఉండలు, నలభై. ఒక్కటీ చెడకూడదు. ఇవాళే ఆఖరు.

దబీర్‌పురాలో విఠల్‌రావు ఇల్లు ఖాళీ అవుతోంది. భాషల వారీగా రాష్ట్రాన్ని మూడు ముక్కలు చేశారు. మరాఠీ మాట్లాడే సర్కారు గుమస్తా గనుక ఆయన్ని బొంబాయి వైపు రాసేశారు. సంతకం పెట్టినవాడికి ఏం పోయింది? ఆ ఇంట్లో ఎనిమిదేండ్లుగా చాకిరీ చేస్తున్న బుచ్చమ్మను ఏ వైపు రాశారో ఎవడూ చెప్పలేదు.

కేకు మాత్రం విఠల్‌రావు భార్య రమాబాయే, తెల్లవారకముందు మడికట్టుకుని, ఇసుక పోసిన డేగిసాలో కాలుస్తుంది. బుచ్చమ్మ వచ్చేసరికి అది చల్లారి ఉంటుంది. పొడి చేసి, ఉండలు కట్టి, ముంచడం బుచ్చమ్మ పని. బజారు చాక్లెట్ తగిలే సరుకుకు మడి అక్కర్లేదట! మొదటిసారి కొడుకు ప్రభాకర్ పుట్టినరోజుకు చేశారు. ముంచడానికేమీ దొరక్క బుచ్చమ్మే విరిగిన సైకిల్ చువ్వను రాయి మీద కొట్టి, కొసను గుండ్రంగా చుట్టింది. ఆ రోజు గల్లీ పిల్లలందరి మూతులూ చాక్లెట్టే. గోడల నిండా వేలిముద్రలే. తిట్టుకుంటూ రెండు రోజులు కడిగింది. ఇప్పుడా ఖాళీ గోడను చూస్తే, ఒక్క ముద్రన్నా ఉంచాల్సిందనిపిస్తోంది.

చాక్లెట్ కరిగింది. చువ్వ కొసతో బొట్టు తీసి కింది పెదవికి తాకించింది. చల్లగా తగిలితే అదును. వెంటనే కొంగుతో తుడిచేసింది.

"పెదవికి రాస్తవు, నోట్లె పెట్టవు. గదేం తపస్సే?" పెట్టె సర్దుతూ రమాబాయి నవ్వింది.

బుచ్చమ్మ మొదటి ఉండను ముంచింది. మెడలో తులసిమాల ఉంది, పండరిలో తల్లి వేసింది. గుడ్డు నోట పెట్టదు. గుడ్డు లేని కేకే ఉండదని బేకరీ మొగులయ్య ఎప్పుడో చెప్పాడు. ఇక్కడేమో బ్రాహ్మల ఇల్లు! బయటపడితే వీళ్ల పరువేం కావాలి? అందుకే ఎవరడిగినా, "గుడ్డు లేదు గిడ్డు లేదు, నా మాల మీద ఒట్టు" అనేది. ఎనిమిదేండ్ల అబద్ధం. ఇంటికి పోయి దేవుడి ముందు లెంపలేసుకునేది. ఆ వాసనకు నోరూరడం మాత్రం ఒక్కనాడూ ఆగలేదు. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి తినాలని ఉండేది.

నలభై ఉండలూ నున్నగా కుదిరాయి. బిస్కెట్ల డబ్బాలో పేర్చింది. గిన్నె కడిగి సామానులో కట్టేసింది.

మధ్యాహ్నం ఝట్కా వచ్చింది. రమాబాయి డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మూత తీసి ఒక ఉండ చాచింది.

"ఇయ్యాలన్నా తినే."

"వద్దమ్మా."

"ఎనిమిదేండ్ల సంది గిదే మాట. నా చెయ్యి నచ్చలేదా ఏంది?"

బుచ్చమ్మ దగ్గరికి వంగి గొంతు తగ్గించింది. "గుడ్డు ఉంటది కదమ్మా. నేనెవ్వరికి చెప్పలే. ఫికర్ చెయ్యకుండ్రి."

రమాబాయి కళ్లు పెద్దవి చేసింది. "అయ్యో పిచ్చిదానా! మా ఇంట్ల గుడ్డేంది? పెరుగేస్తనే!"

"నడువు భాయ్, రైలు పోతది" అన్నాడు విఠల్‌రావు. గుర్రం కదిలింది. రమాబాయి చెయ్యి ఉండతో సహా బయటికి చాచే ఉంది. బుచ్చమ్మ రెండడుగులు వేసింది. ఉండ అందలేదు. ఝట్కా మలుపు తిరిగింది.

ఇల్లు ఊడ్చి తాళం వేసి, తాళంచెవి ఇంటి సొంతదారుకు ఇవ్వాలి. లోపలికి వచ్చింది. పొయ్యి దగ్గర చువ్వ మిగిలిపోయింది. కొసన బొట్టు గడ్డకట్టి ఉంది. అలవాటుగా పెదవికి తాకించింది. కొంగు పైకి లేచింది, ఆగింది. ఈసారి తుడవలేదు.

తాళం పడింది. చీకటి వంటింట్లో, పొయ్యి పైన మేకుకు, సైకిల్ చువ్వ వేలాడుతోంది, నాకిన కొస తళతళలాడుతూ.